రంగం వీసా కోసం ఇరవై ఎనిమిది రోజులు

నర్గీస్ తుపాను 2008 మే 2వ తేదీన బర్మాలోని ఐరావతి డెల్టాను తాకినప్పుడు నేను బంగ్లాదేశ్ దక్షిణ తీరంలో ఉన్నాను. అంతకు ముందు నవంబరు 15న అక్కడ సిడర్ తుపాను వచ్చి వెళ్ళింది. ఉప్పెన నీరు చేరిన ఊరి చెరువులను తోడించి, మళ్ళీ తాగడానికి పనికివచ్చేలా చేయించడం నా పని. ఒక ఐరోపా స్వచ్ఛంద సంస్థలో నీటి విభాగపు ఇంజనీరుగా అప్పటికి నాకు పదేళ్ళ అనుభవం ఉంది. పుట్టింది దివిసీమలో. 1977 నవంబరు 19 నాటి ఉప్పెనకు నాకు తొమ్మిదేళ్ళు. ఊరి మంచినీళ్ళ చెరువులో పశువుల కళేబరాలు తేలుతుండగా, మా భాష ఒక్క ముక్క రాని ఒక విదేశీ నర్సు పిల్లలందరినీ వరుసలో నిలబెట్టి సూదిమందు వేసిన రోజు ఇప్పటికీ గుర్తుంది. ఆవిడ మా దగ్గరికి ఎన్ని రోజుల్లో రాగలిగింది, ఏ కాగితం చూపించి వచ్చింది అని ఆలోచించవలసిన అవసరం నాకు ముప్పై ఏళ్ళ దాకా రాలేదు.

తుపాను వెళ్ళిన నాలుగో రోజున సంస్థ ప్రధాన కార్యాలయం నుంచి నాకు ఫోను వచ్చింది. బర్మాలో చనిపోయినవారి లెక్క గంటగంటకూ మారుతోంది, వెంటనే బ్యాంకాక్ చేరి అక్కడ వీసా తీసుకుని రంగూన్ వెళ్ళమన్నారు. నన్నే ఎందుకు ఎంచుకున్నారో దాచుకోకుండా చెప్పారు. నా అనుభవం ఒక కారణం, నా చేతిలోని భారతీయ పాస్‌పోర్టు రెండో కారణం. తెల్లవాళ్ళకు ఆలస్యం కావచ్చుగానీ పొరుగు దేశం వాడికి సులువుగా దొరుకుతుందని వారి అంచనా. నాకూ అలాగే అనిపించింది. ఉత్తరాంధ్ర పల్లెల్లో రంగూన్‌ను రంగం అంటారు. అక్కడి నుంచి ఒకప్పుడు వేలమంది ఓడెక్కి రంగం వెళ్ళి, రేవుల్లోనూ బియ్యం మిల్లుల్లోనూ కూలి చేసి బతికారు, 1942లో యుద్ధానికి జడిసి కాలినడకన తిరిగివచ్చారు. అటువంటి ఊరికి వెళ్ళడానికి తెలుగువాడికి ఏం కష్టమని ధీమాగానే బయలుదేరాను.

నా తొందరకు ఒక కారణం ఉంది. అది చెప్పకపోతే తరువాతి కథ వట్టి కార్యాలయాల చుట్టూ తిరిగిన కథగా మిగిలిపోతుంది. ఐరావతి డెల్టాలో తాగునీటికి వాననీటి చెరువులూ, ఇంటి ముందు పెట్టుకునే పెద్ద మట్టి జాడీలే ప్రధాన ఆధారం. నైరుతి వానలు మే నెలాఖరుకు బాగా పట్టుకుంటాయి, అక్టోబరు దాకా కురుస్తాయి, ఆ నీళ్ళనే మరుసటి వేసవి దాకా పొదుపుగా వాడుకుంటారు. నర్గీస్ తెచ్చిన ఉప్పెన 12 అడుగుల ఎత్తున వచ్చి కొన్నిచోట్ల 40 కిలోమీటర్ల లోపలికి పోయింది. గట్లు తెగిన చెరువుల్లో సముద్రపు నీరూ శవాలూ బురదా మిగిలాయి. వానలు ముదిరేలోపు ఆ నీటిని ఆయిల్ ఇంజన్లతో తోడిపోసి, అడుగున పేరుకున్న ఉప్పు బురద ఎత్తించి, గట్టు కట్టిస్తే కొత్త వాన శుభ్రమైన చెరువులో పడుతుంది. అదను దాటితే తోడిన నీటికన్నా పడే నీరే ఎక్కువవుతుంది. అంటే నాకున్న గడువు మూడు వారాలు, మహా అయితే నాలుగు. ఆ నాలుగు వారాలూ నేను బ్యాంకాక్‌లో గడిపాను.

మే 7 రాత్రి బ్యాంకాక్‌లో దిగి, మరునాటి ఉదయం ఆరున్నరకే అక్కడి బర్మా (మయన్మార్) రాయబార కార్యాలయం ముందు వీసా వరుసలో నిలబడ్డాను. అప్పటికే నాకు ముందు నలభై మంది ఉన్నారు. ఐక్యరాజ్యసమితి సంస్థలవాళ్ళు, శస్త్రచికిత్స నిపుణులు, గుడారాల సరఫరా చూసేవాళ్ళు, కుక్కలతో వెతికే రక్షణ బృందాల ప్రతినిధులు, వీళ్ళందరి మధ్య ఏమీ ఎరగని ఇద్దరు పర్యాటకులు. దరఖాస్తు పత్రంలో తండ్రి పేరు, ఎత్తు, జుట్టు రంగు, కళ్ళ రంగు, మేని ఛాయ రాయాలి. మేని ఛాయ అన్నచోట కలం ఆగిపోయింది. మనసుకు తట్టిన మాట చామనఛాయ. దానికి ఇంగ్లీషులో ఏం రాయాలో తెలియక పక్కవాడి పత్రంలోకి తొంగిచూశాను. ఆయన స్వీడన్ మనిషి, నాకేం ఉపకరిస్తాడు? చివరకు బ్రౌన్ అని రాసేశాను. పత్రం అడుగున ఒక హామీ ఉంది: ఆ దేశపు చట్టాలకు లోబడి ఉంటాను, ఆంతరంగిక వ్యవహారాల్లో జోక్యం చేసుకోను. ఆ వాక్యం కింద సంతకం చేస్తున్నప్పుడు, ఊరి చెరువు తోడించడం ఏ వ్యవహారం కిందికి వస్తుందో అన్న సందేహం నాకు సరదాకి కూడా రాలేదు. తరువాత అదే అసలు ప్రశ్న అయింది.

మరునాడు మే 9 సెలవు. థాయ్‌లాండ్‌లో రాజోత్సవంగా జరిపే నాగలి పండుగ, మన ఏరువాకలాంటిది. ఆ తరువాత శని, ఆదివారాలు. మే 5 పట్టాభిషేక దినం సెలవు అప్పటికే అయిపోయింది, మే 19న వైశాఖ పూర్ణిమ రాబోతోంది. శాంతి సమయంలో ఈ సెలవులు ఎవరికీ పట్టవు. అప్పుడు మాత్రం ఒక్కొక్క సెలవుకూ డెల్టాలో ఎంతమంది పోతారో అని లెక్కలు వేసుకునేవాళ్ళం. అవి ఊహలే, ఎవరి దగ్గరా అసలు లెక్క లేదు. ప్రభుత్వం తరువాత ప్రకటించిన లెక్క 84,537 మంది మృతులు, 53,836 మంది గల్లంతు. దెబ్బతిన్నవారు 24 లక్షల మంది.

ఆ 9వ తేదీనే మయన్మార్ విదేశాంగ శాఖ, విదేశీ రక్షణ బృందాలనూ విలేకరులనూ చేర్చుకోవడానికి తాము సిద్ధంగా లేమనీ, సరుకులు మాత్రం పుచ్చుకుంటామనీ ప్రకటించింది. ఖతార్ నుంచి సహాయంతో పాటు మనుషులను కూడా తీసుకొచ్చిన విమానాన్ని ఆ మనుషులతోనే తిప్పిపంపారు. ప్రపంచ ఆహార కార్యక్రమం పంపిన బిస్కెట్లను విమానాశ్రయంలో స్వాధీనం చేసుకున్నారని ఆ సంస్థ కొద్దిసేపు విమానాలు ఆపి, మళ్ళీ నడిపింది. మరునాడే, అంటే మే 10న, సైనిక ప్రభుత్వం కొత్త రాజ్యాంగం మీద ప్రజాభిప్రాయ సేకరణ జరిపింది. తుపాను ప్రాంతాల్లో మాత్రం దాన్ని 24కు వాయిదా వేశారు. అనుకూలంగా 92 శాతానికి పైగా ఓట్లు పడ్డాయని చివరకు ప్రకటించారు. అంతకు ఎనిమిది నెలల ముందే భిక్షువుల ఊరేగింపులతో రంగూన్ వీధులు నిండిపోయి, వాటిని తుపాకులతో అణచివేసిన ప్రభుత్వమది. ఓట్లు వేయించే వారంలో వందలమంది విదేశీయులు పల్లెల్లో తిరగడమంటే వారికి ఎలా కనబడి ఉంటుందో ఊహించుకోవచ్చు. ఊహించుకోవడం వేరు, ఒప్పుకోవడం వేరు.

నా దరఖాస్తు మే 14న వెనక్కి వచ్చింది. కౌంటరులో ఉన్నావిడ చాలా మర్యాదగా, గొంతు తగ్గించి, లోపమేమిటో వివరించింది. సహాయం కోసం వచ్చేవారికి అక్కడి సంబంధిత మంత్రిత్వ శాఖ నుంచి పిలుపు ఉత్తరం రావాలి. ఆ ఉత్తరం రావాలంటే సంస్థకు ఆ శాఖతో అవగాహన ఒప్పందం ఉండాలి. మా సంస్థకు ఆ దేశంలో ఒప్పందం లేదు. చేసుకోవాలంటే మా మనిషి ఒకరు రంగూన్ వెళ్ళాలి, వెళ్ళాలంటే వీసా కావాలి. పిచ్చి కుదిరితేగానీ పెళ్ళి కాదు, పెళ్ళయితేగానీ పిచ్చి కుదరదన్నట్టు. పాస్‌పోర్టు భారతదేశానిదే, కానీ దానికి జతచేసిన ఉత్తరం ఐరోపాది. ఆవిడ చూసింది పాస్‌పోర్టును కాదు, ఉత్తరాన్ని. దానికి తోడు, వృత్తి అన్నచోట ఇంజనీరు అని రాయవలసింది పోయి విపత్తు సహాయ నిపుణుణ్ణని రాసిన తెలివి నాది.

పర్యాటక వీసా మీద వెళ్ళిపొమ్మని సలహా ఇచ్చినవాళ్ళు ఉన్నారు. అలా వెళ్ళినవాళ్ళూ ఉన్నారు, వారిలో కొందరు మంచి పని చేసి వచ్చారని కూడా విన్నాను. నేను రెండు రాత్రులు ఆలోచించి వద్దనుకున్నాను. అందులో గొప్పతనమేమీ లేదు. పర్యాటకుల్లా దిగిన విలేకరులను పట్టుకుని తిప్పిపంపుతున్నారు. విలేకరి అయితే తిరిగి వచ్చి రాసుకుంటాడు. నేను దొరికితే నన్ను విమానం ఎక్కిస్తారు, నాకు పడవ నడిపిన మనిషిని మాత్రం ఎక్కడికి తీసుకెళతారో ఎవరూ చెప్పలేరు. పైగా చెరువు తోడే ఇంజన్లను పర్యాటకుడి పెట్టెలో దాచుకుని పోవడం కుదరదు.

ఆ వారాల్లో మేము ఇరవై మందిమి ఒకే చవక హోటలులో ఉండేవాళ్ళం. పొద్దున కౌంటరు, మధ్యాహ్నం సమన్వయ సమావేశం, సాయంత్రం టీవీ. మేము వెళ్ళలేని ఊళ్ళ పటాలను గోడకు అంటించి, బోగలే, లబుట్టా, ప్యాపోన్ అంటూ పేర్లు వల్లెవేసేవాళ్ళం. టీవీలో ఫ్రెంచి విదేశాంగ మంత్రి బెర్నార్డ్ కూష్నేర్, ప్రజలను రక్షించే బాధ్యత కింద ఆ దేశం ఒప్పుకోకపోయినా సహాయం చేరవేయాలని భద్రతా మండలిని కోరుతూ కనిపించేవాడు. అమెరికా, ఫ్రాన్స్, బ్రిటన్ యుద్ధనౌకలు డెల్టాకు ఎదురుగా సముద్రంలో వచ్చి నిలిచాయి. చూసినప్పుడు మాలో చాలామందికి ఉత్సాహం కలిగింది, నాకూ కలిగింది. అయితే ఆ నౌకల గురించి వార్త వచ్చిన మరునాడల్లా కౌంటరులో సమాధానాలు మరింత పొడిపొడిగా ఉండేవని నా గమనిక. అంతకు ఆరు నెలల ముందు సిడర్ తరువాత అమెరికా నౌకాదళపు హెలికాప్టర్లు బంగ్లాదేశ్ పల్లెల్లో నీళ్ళు దింపుతుంటే అక్కడి ప్రభుత్వం స్వాగతించింది. హెలికాప్టరు అదే, నీళ్ళ డబ్బాలూ అవే. దిగే నేల మీద ఉన్నవాడి భయం మాత్రం వేరు. డెల్టా ఎదురుగా ఉన్న అమెరికా నౌకలు అనుమతి రాకుండానే జూన్ మొదటి వారంలో వెనుదిరిగాయి. అయితే అమెరికా సరుకు విమానాలను మాత్రం మే 12 నుంచి రంగూన్‌లో దిగనిచ్చారు. మనిషి దిగరాదు, మూట దిగవచ్చు.

ఇక్కడ మన సంగతి కూడా చెప్పుకోవాలి, లేకపోతే ఎదుటివాడి కంట్లో నలుసు వెతికినట్టవుతుంది. 2004 డిసెంబరు సునామీ తరువాత మన ప్రభుత్వం విదేశీ ప్రభుత్వాల సహాయం అక్కర్లేదంది. నికోబార్ దీవుల్లోకి విదేశీయులను రానివ్వలేదు. 2005లో నాతో పనిచేసిన ఐరోపా సహోద్యోగి పోర్ట్ బ్లెయిర్ దాటి అడుగు పెట్టలేక, తన అనుభవాన్నంతా నాకు కాగితాల మీద రాసిచ్చి వెళ్ళిపోయాడు. ఆనాడు అది నాకు అన్యాయంగా అనిపించలేదు. మనకు నౌకాదళం ఉంది, సైన్యం ఉంది, మన పని మనం చేసుకోగలం అనుకున్నాను. ఆ మాటలో నిజం లేకపోలేదు. బ్యాంకాక్ వరుసలో నిలబడి ఆ సహోద్యోగిని తలుచుకున్నప్పుడు మాత్రం, చేసుకోగలగడమూ చేయనివ్వకపోవడమూ ఒకటి కాదన్న సంగతి కొంచెం ఆలస్యంగా బుర్రకెక్కింది.

మే నెల మధ్యలో ఒక చిన్న కిటికీ తెరుచుకుంది. భారత్, చైనా, బంగ్లాదేశ్, థాయ్‌లాండ్‌ల నుంచి 160 మంది సహాయకులను రానిస్తామని ప్రకటన వచ్చింది. మన ప్రభుత్వం తుపాను వెళ్ళిన వారంలోనే ఐఎన్ఎస్ రాణా, ఐఎన్ఎస్ కిర్పాణ్ నౌకల్లో సరుకు పంపింది. 17వ తేదీన మన సైనిక వైద్య బృందం కూడా వెళ్ళింది. ఆ 160 మందిలో నా పేరు చేరుతుందేమోనని మా సంస్థవాళ్ళు ప్రయత్నించారు. అది ప్రభుత్వాలు పంపే బృందాలకే తప్ప స్వచ్ఛంద సంస్థలకు కాదని తేలింది. బృందంలో ఉన్న ఒక మళయాళీ వైద్యుడు మా హోటలు నుంచే విమానాశ్రయానికి వెళుతుంటే మెట్ల దాకా సాగనంపి వచ్చాను. ఈర్ష్య కలగలేదంటే అబద్ధమవుతుంది.

అసలు తలుపు తెరిచింది మే 19న. ఆ రోజు సింగపూర్‌లో ఆగ్నేయాసియా దేశాల కూటమి ఆసియాన్ విదేశాంగ మంత్రులు ప్రత్యేకంగా సమావేశమై, విదేశీ సహాయం ఆసియాన్ చేతుల మీదుగా సాగేటట్టు మయన్మార్‌ను ఒప్పించారు. అప్పటి ఆసియాన్ ప్రధాన కార్యదర్శి, థాయ్‌లాండ్‌కు చెందిన సురిన్ పిట్సువాన్, ఈ పనిని భుజాన వేసుకున్నాడు. 23వ తేదీన ఐక్యరాజ్యసమితి ప్రధాన కార్యదర్శి బాన్ కీ మూన్ నేపిడాలో సైనిక నాయకుడు థాన్ ష్వేను కలిసి బయటికి వచ్చి, దేశంతో నిమిత్తం లేకుండా సహాయ సిబ్బందినందరినీ రానిస్తారని ప్రకటించాడు. హోటలు హాల్లో ఎవరో చప్పట్లు కొట్టారు. మిగిలినవాళ్ళం కొట్టలేదు, కౌంటరు మీద నమ్మకం అప్పటికే పోయింది. 25న రంగూన్‌లో దాతల సమావేశం జరిగింది. ఆ తరువాత మే 31న ఆసియాన్, ఐక్యరాజ్యసమితి, మయన్మార్ ప్రభుత్వం కలిసి కూర్చునే త్రిపక్ష సంఘం ఏర్పడింది, దానికి ఉప విదేశాంగ మంత్రి చా తూ అధ్యక్షుడు. వీసా చిక్కులు నేరుగా ఆ సంఘం ముందుకే వెళ్ళే వీలు కలిగింది. బెదిరింపుతో కాని పనిని ఇరుగుపొరుగువారి పెద్దరికం చేసిందని నేను అంటాను. మా సంస్థలోని పెద్దలు ఇప్పటికీ ఒప్పుకోరు. ఆ బెదిరింపు లేకపోతే పెద్దరికానికి విలువే వచ్చేది కాదంటారు.

ఒప్పందం ఉన్న మరో సంస్థ కింద నా పేరు చేర్చి, ఈసారి వృత్తి దగ్గర ఇంజనీరు అని మాత్రమే రాసి, రెండో దరఖాస్తు పెట్టాను. జూన్ 5న పాస్‌పోర్టు చేతికి వచ్చింది. మొదటిసారి వరుసలో నిలబడిన నాటికి సరిగ్గా ఇరవై ఎనిమిది రోజులు. అదే కౌంటరు, అదే ఆవిడ. పాస్‌పోర్టుతో పాటు, నా మొదటి దరఖాస్తుకు అంటించగా మిగిలిన రెండు ఫొటోలను కవరులో పెట్టి తిరిగి ఇచ్చింది. దాచి ఉంచినందుకు ఆశ్చర్యపోయాను.

రంగూన్‌లో దిగాక తెలిసిన మొదటి సంగతి, వీసా అన్నది వీధి తలుపు మాత్రమేనని. డెల్టాకు వెళ్ళాలంటే ప్రయాణ అనుమతి వేరే ఉండాలి. ఏ రోజు ఏ ఊరు, ఏ పడవ, వెంట ఎవరు, అన్నీ ముందుగా రాసివ్వాలి. అది చేతిలో లేని విదేశీయుణ్ణి దారిలోని తనిఖీ కేంద్రాల్లో వెనక్కి పంపేస్తారు. మళ్ళీ ఎదురుచూపు. అయితే ఈసారి ఊరికే కూర్చోలేదు, ఆ ఘనత నాది కాదు, మా గోదాము చూసే కుర్రవాడిది.

ఇరవై నాలుగేళ్ళవాడు. బర్మా బట్టలు, బర్మా పేరు. మొదటి రోజు ఇంగ్లీషులోనే మాట్లాడుకున్నాం. నా ఫోనులో ఇంటివాళ్ళతో నేను మాట్లాడుతుంటే విని, రెండడుగులు వెనక్కి వేసి, "మీరు తెలుగోళ్ళా అన్నా?" అన్నాడు. ముత్తాత నాటి నుంచి అక్కడే ఉన్న కుటుంబం. సాయంత్రం ఇంటికి తీసుకెళితే వాళ్ళ నాయనమ్మ నా చెయ్యి పట్టుకుని, "ఏ ఊరు బావూ మీది?" అని అడిగింది. దివిసీమ అంటే తెలియలేదు, బందరు అంటే తల ఊపింది. ఆవిడ పుట్టింది రంగంలోనే; సిక్కోలు చూడలేదు, కానీ ఆవిడ మాటలో సిక్కోలు ఉంది.

ఆ కుర్రవాడు ఆ దేశ పౌరుడు. బోగలే వెళ్ళడానికి అతనికి ఎవరి అనుమతీ అక్కర్లేదు, తుపాను వెళ్ళిన మూడో రోజునే మిత్రులతో కలిసి బియ్యం మూటలు వేసుకుని ఒకసారి వెళ్ళివచ్చాడు కూడా. నాకు సిగ్గు వేసింది. మేము బ్యాంకాక్‌లో గోడ మీద పటాలు చూస్తున్న రోజుల్లో రంగూన్ వ్యాపారులు, విద్యార్థులు, మఠాల భిక్షువులు సొంత లారీల్లో, పడవల్లో డెల్టాకు వెళ్ళి తిండి పెట్టి, శవాలు పూడ్చి వచ్చారు. వారిలో కొందరు అందుకు జైలు పాలయ్యారు. హాస్యనటుడు జర్గనార్‌ను జూన్ 4న, అంటే నాకు వీసా చేతికి రావడానికి ముందు రోజున, అరెస్టు చేశారు. విదేశీయుడు రాకపోతే సహాయమే లేదన్న మా లెక్క తప్పు. లేనిది సహాయం కాదు. ఉప్పు నీటి సంగతి తెలిసిన చేతులు, ఇంజన్లు.

కాబట్టి గోదాము పెరట్లోనే బడి పెట్టాను. ఒక ప్లాస్టిక్ తొట్టిలో నీళ్ళు పోసి, గుప్పెడు కల్లుప్పు వేసి, ఉప్పదనం కొలిచే మీటరు ముంచి చూపించాను. మంచినీటికి అంకె వందల్లో ఉంటుంది, 1,500 లోపైతే తాగవచ్చు, 3,000 దాటితే నాలుకకు తెలిసిపోతుంది, సముద్రానికి 50,000 దాకా చూపిస్తుంది. నీరు తోడేటప్పుడు గొట్టం మూతిని అడుగు బురదలో పెట్టకూడదు, పైన తేలించాలి. తోడిన నీటిని గట్టు పక్కనే పోస్తే తిరిగి అదే చెరువులోకి ఊరుతుంది, దూరంగా వాగులోకి వదలాలి. మరీ అడుగుదాకా ఒక్క దమ్మున తోడితే కింది నుంచి ఉప్పు జల ఉబికి వస్తుంది, కొంచెం కొంచెంగా తోడాలి. బ్లీచింగ్ పొడి ఎప్పుడు, ఎంత అన్నది చివర. ఆ కుర్రవాడు మరో నలుగురిని పోగుచేశాడు, ఐదుగురూ రెండు రోజుల్లో నేర్చుకున్నారు. వాళ్ళ నాయనమ్మ గడపలో కూర్చుని అంతా చూసి, మీటరుతో పనేమిటి, నాలిక లేదా అంది. సగం నిజమే.

నేను డెల్టాలో అడుగు పెట్టేసరికి జూన్ మూడో వారం. ప్రపంచ ఆహార కార్యక్రమం హెలికాప్టర్లు పది తిరుగుతున్నాయి, ఆసియాన్ వాళ్ళ నష్టం అంచనా బృందాలు ఊరూరా ప్రశ్నపత్రాలు పట్టుకుని కనిపిస్తున్నాయి. ఆ అంచనా జూలైలో వెలువడింది, నష్టం సుమారు 400 కోట్ల డాలర్లని తేల్చింది. బోగలే నుంచి మూడు గంటల పడవ ప్రయాణం తరువాత ఒక ఊళ్ళో మా కుర్రవాళ్ళు తోడించిన చెరువు చూశాను. మీటరు 1,100 చూపించింది. గట్టు మీద కొబ్బరి మట్టలతో చిన్న పందిరి వేసి, ఊరిపెద్ద అక్కడే కాపలా పడుకుంటున్నాడు. దానికి ఆవలి ఊళ్ళో తోడని చెరువు మీద నెల రోజుల వాన కురిసి అంచులదాకా నిండి ఉంది. పైనుంచి చూస్తే ఇదే పెద్దది, ఇదే అందమైనది. మీటరు 4,700 దగ్గర ఆగింది. ఇక దాన్ని తోడడానికి లేదు, పొద్దున తోడింది సాయంత్రానికి మళ్ళీ నిండుతోంది. అటువంటివి ఆ చుట్టుపక్కల పదకొండు లెక్కపెట్టాను. మే 15 నాటికి ఐదుగురు మనుషులు, ఆరు ఇంజన్లు అక్కడ ఉండి ఉంటే వాటిలో సగమైనా దక్కేవని నా నోటు పుస్తకంలో రాసుకున్నాను. మరుసటి వేసవిలో, 2009 మార్చి, ఏప్రిల్ నెలల్లో, ఆ ఊళ్ళకు పడవల మీద నీళ్ళు మోయవలసి వచ్చింది. ఆ మోతకైన ఖర్చుతో ఇంజన్లు ఎన్ని కొనవచ్చో లెక్క వేసి సంస్థకు పంపాను. జవాబు రాలేదు.

ఇంతలో మే నెలాఖరు నాటి ప్రభుత్వ పత్రిక ఒకటి ఎవరో తెచ్చి చూపించారు. విదేశాలిచ్చే చాక్లెట్లు లేకపోయినా డెల్టా జనం చేపలు పట్టుకుని, కప్పలు పట్టుకుని బతకగలరని అందులో రాశారు. ఆ ఊరిపెద్దకు అది చదివి వినిపిస్తే నవ్వలేదు, కోపగించుకోనూ లేదు. చేపలున్నాయి, వాటిని వండడానికి నీళ్ళు కదా కావలసింది అన్నాడు.

వీసా పొడిగించుకుంటూ నవంబరు దాకా ఉన్నాను. త్రిపక్ష సంఘం ఉన్నంతకాలం, అంటే 2010 జూలై దాకా, కాగితాలు ఒక పద్ధతిలో కదిలాయి. ఆ తరువాత మళ్ళీ పాత దారే అయిందని చెప్పేవారు. నేను 2016లో ఉద్యోగం మాని అవనిగడ్డ దగ్గర స్థిరపడ్డాను. గోదాము కుర్రవాడు, ఇప్పుడు కుర్రవాడు కాదు, సొంతంగా నీటి పనుల బృందం నడుపుతూ ఏడాదికి రెండుమూడుసార్లు ఫోను చేస్తుంటాడు.

2023 మే 14న మోఖా తుపాను అదే దేశపు రఖైన్ తీరాన్ని తాకింది. జూన్‌లో సహాయ సంస్థల ప్రయాణ అనుమతులను అక్కడి సైనిక ప్రభుత్వం నిలిపివేసింది. వార్త చదివి అతనికి ఫోను చేశాను. ఇంజన్లు లారీకి ఎక్కించి పదకొండు రోజులుగా రంగూన్‌లోనే ఉన్నాడట.

"మీకెందుకు ఆలస్యం, మీది ఆ దేశమే కదా?" అన్నాను.

"ఈసారి మాకూ కాగితం కావాలంటున్నారు అన్నా," అన్నాడు. ఆ తరువాత గట్టు మీద వాన ఎంత పడిందని నన్ను అడిగాడు. మా ఊళ్ళో ఇంకా పడలేదని చెప్పాను.